నాన్న నోటుపుస్తకంలో ఒక భాగం నిజం కాదట. అచ్చు వేయించాలా?

కృష్ణాతీరం | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదివి వెళ్లిపోయేదాన్నే, రాయడం ఇదే మొదలు. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మా నాన్న పోయి పది నెలలైంది. చివరి నాలుగేళ్లలో రెండు లాంగ్ నోటుపుస్తకాల నిండా తన జీవితం రాసుకున్నారు. సంవత్సరీకానికి వంద కాపీలు వేయించి బంధువులకి పంచుదామని నేనే టైపు చేస్తున్నాను. మాది నాగాయలంక దగ్గర ఊరు. కాబట్టి 1977 నవంబరు 19 లేకుండా మా ఇంట్లో ఎవరి కథా ఉండదు. ఉప్పెన గురించి నాన్న తొమ్మిది పేజీలు రాశారు. టైపు చేస్తూ చేయలేక రెండుసార్లు లేచి వెళ్లిపోయాను. అమావాస్య చీకటి, నీళ్లు తాటిచెట్టు సగానికి రావడం, పదకొండేళ్ల చెల్లెలి చెయ్యి చేపపిల్లలా జారిపోతుంటే తెల్లవార్లూ వదలకుండా పట్టుకుని ఉండటం. అన్నీ కళ్లకి కడతాయి.

ఆ చెల్లెలు మా మేనత్త. ప్రింటు తీసి ఆవిడకి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. కాగితాలు మడిచి పక్కన పెట్టి, "అన్నయ్య ఆ రోజు ఊళ్లో లేడే" అంది.

సహకార బ్యాంకు పని మీద బందరు వెళ్లారట. దారులన్నీ తెగిపోయి మూడో రోజుకి గానీ ఊరు చేరలేదట. అత్తని కాపాడింది మా పాలేరు. ఆయన పేరు నాన్న రెండు పుస్తకాల్లో ఎక్కడా లేదు. వాళ్లబ్బాయి ఉన్నాడు కాబట్టి నేనూ ఇక్కడ రాయను.

నాన్న అబద్ధాలాడే మనిషి కాదు. పాలకేంద్రం లెక్కల్లో రూపాయి తేడా వస్తే రాత్రంతా నిద్రపోయేవారు కాదు. ఇప్పుడు ఈ తొమ్మిది పేజీలు ఏం చేయాలి? తీసెయ్యనా, దిద్దనా, ఉన్నదున్నట్టు వేసెయ్యనా? అసలు ఎవరైనా తన జీవితం గురించి తానే రాసుకున్నది మీరు ఎంతవరకు నమ్ముతారు?

గోంగూర | ఆదివారం, రాత్రి 9:31

మా ఇంట్లో ఎవరి ఆత్మకథ అచ్చయినా మిగతావాళ్లమంతా ఖండన ప్రకటనలు ఇవ్వాల్సి వస్తుంది. మా పెదనాన్న లెక్క ప్రకారం మా తాతగారి పొలం నలభై ఎకరాలు, బాబాయి లెక్క ప్రకారం పదకొండు. పాస్‌బుక్‌లో నాలుగున్నర ఉంది.

డాలస్ బాబాయ్ | ఆదివారం, రాత్రి 10:02

అమ్మా, నాన్నగారి మీద గౌరవంతోనే చెప్తున్నా. నేను ఇట్లాంటి పుస్తకాలు నమ్మడం మానేసి చాలా ఏళ్లయింది.

మేం ఇక్కడికి వచ్చిన కొత్తల్లో జేమ్స్ ఫ్రే అనే ఆయన పుస్తకం ఒకటి తెగ అమ్ముడుపోయింది. 2003లో వచ్చింది. మత్తుమందుల నుంచి బయటపడ్డ కథ. 2005లో టీవీ షోతో పేరుపొందిన ఓప్రా విన్‌ఫ్రే తన బుక్ క్లబ్‌కి దాన్ని తీసుకుంది, ఇంక లక్షల కాపీలు. నేనూ కొన్నాను. 2006 జనవరిలో స్మోకింగ్ గన్ అనే వెబ్‌సైటు వాళ్లు పోలీసు రికార్డులు తవ్వితే, నెలల తరబడి జైల్లో ఉన్నానని రాసుకున్న మనిషి నిజానికి ఉన్నది కొన్ని గంటలు. ఓప్రా అదే షోకి పిలిచి నిలదీసింది. ప్రచురణ సంస్థ డబ్బు వాపసు ఇస్తామని ప్రకటించింది.

గ్రెగ్ మార్టెన్‌సన్ సంగతీ అంతే. పాకిస్తాన్ కొండల్లో బళ్లు కట్టించానని రాశాడు, జనం విరాళాలు కుమ్మరించారు. 2011లో ఆ కథలో చాలా చోట్ల నిజం లేదని బయటపడింది. తర్వాతి ఏడాది మోంటానా రాష్ట్ర అటార్నీ జనరల్ విచారణ చేసి, సంస్థకి పది లక్షల డాలర్ల దాకా తిరిగి కట్టాలని తేల్చాడు.

నవల రాస్తే ఎవరూ అడగరు కదా. 'నిజంగా జరిగింది' అనే ముద్రకే ఆ అమ్మకాలన్నీ. ఆ ముద్ర వేసినప్పుడు లోపల సరుకు కూడా అదే ఉండాలి.

బెజవాడ లాయర్ | ఆదివారం, రాత్రి 10:40

బాబాయ్ గారూ, వంద కాపీలు బంధువులకి పంచేదానికీ లక్షల కాపీలు అమ్ముకున్నదానికీ ఒకటే కొలత పెడితే ఎలాగండీ?

నేను ముప్ఫై నాలుగేళ్లు కోర్టుల్లో సాక్షులతోనే బతికాను. నాకు తెలిసింది చెప్తాను. 'ఒక్క విషయంలో అబద్ధం దొరికితే మొత్తం అబద్ధమే' అన్న సూత్రం ఒకటి ఇంగ్లీషువాళ్ల దగ్గర ఉండేది. మన దేశంలో అది చెల్లదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఎందుకంటే మన దగ్గర నూటికి నూరుపాళ్లు సరిగ్గా చెప్పే సాక్షి దొరకడు. పొట్టు చెరిగి గింజ ఏరుకోవడం జడ్జి పని. అంచేత ఆ తొమ్మిది పేజీలు దెబ్బతిన్నంత మాత్రాన మిగతా నోటుపుస్తకం పనికిరాకుండా పోదు.

కానీ ఆ తొమ్మిది పేజీల మాటకొస్తే మీ అత్తగారిదే ప్రత్యక్ష సాక్ష్యం. 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్‌లో 60వ సెక్షన్ అదే చెప్పింది. చూసిన సంగతైతే చూసినవాడే వచ్చి చెప్పాలి, విన్నవాడు కాదు. మీ నాన్నగారు విన్నవారు.

పాత పుస్తకాల పిచ్చి | ఆదివారం, రాత్రి 11:25

అమావాస్య అన్నారు కదా, అక్కడ ఆగిపోయాను. 1977 నవంబరులో అమావాస్య 11వ తేదీన. ఉప్పెన 19న, శనివారం. అంటే దీపావళి వెళ్లి వారం దాటింది, కార్తీక శుద్ధ అష్టమి కూడా దాటింది. సగానికి పైగా చంద్రుడు ఉండాలి. అమావాస్య కానే కాదు.

దీన్ని తప్పు పట్టడానికి చెప్పట్లేదు. అలవాటు. ఆత్మకథ ఏది చదివినా పక్కన పాత పంచాంగం, మద్రాసు డైరెక్టరీ పెట్టుకుని కూర్చుంటాను. మా ఆవిడ తిడుతుంది.

మన తెలుగులో ఈ సరదాలు బోలెడు. ప్రకాశం పంతులుగారి 'నా జీవిత యాత్ర'లో నాలుగో భాగం రాసింది తెన్నేటి విశ్వనాథంగారు. స్వీయచరిత్రలో ఒక భాగం మరొకరి చేతిది! చిలకమర్తివారు చూపు పోయాక ఎదుటివాళ్లకి చెప్పి రాయించుకున్నారు. అంటే పాత కాగితం తీసి సరిచూసుకునే వీలు ఆయనకి స్వయంగా లేదు, అంతా జ్ఞాపకం మీదే. శ్రీశ్రీ అందరికంటే గడుసు. 'అనంతం' మీద ఆత్మచరిత్రాత్మక నవల అని వేసేసుకున్నాడు. నిజమా అని అడిగితే నవల అనొచ్చు, కల్పనా అని అడిగితే ఆత్మచరిత్ర అనొచ్చు.

వీరేశలింగంగారి సంగతి వేరు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిపించిన మొదటి వితంతు వివాహం గురించి ఆయన రాసుకున్నదాన్ని మనం గుడ్డిగా నమ్మక్కర్లేదు. ఆయన పత్రిక 'వివేకవర్ధని' ఉంది, తిట్టినవాళ్ల రాతలు ఉన్నాయి, సరిపోల్చుకోవచ్చు. సరిపోల్చుకోలేనిది ఒక్కటే. ఆ పెళ్లిళ్లకి వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ రామంటే పని మీద వేసుకున్న ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారి వైపు నుంచి కథ. ఆవిడ 1910లో పోయారు. ఆవిడ గురించి మనకి తెలిసిందంతా దాదాపు ఆయన చెప్పిందే.

వైజాగ్ గీత | సోమవారం, ఉదయం 6:50

కాలేజీలో సైకాలజీ చెప్తాను. రాత్రి ఇది చదివి పడుకుంటే నిద్ర పట్టలేదు. ముఖ్యంగా ఆ అమావాస్య.

అల్రిక్ నైసర్ అని జ్ఞాపకశక్తి మీద పనిచేసినవాళ్లలో చాలా పెద్దాయన. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగినప్పుడు ఆయనకి పన్నెండేళ్లు, మర్నాడే పదమూడో పుట్టినరోజు. ఇంట్లో రేడియోలో బేస్‌బాల్ వింటుంటే మధ్యలో ఆపి వార్త చెప్పారని దశాబ్దాల పాటు ఆయనకి గట్టి గుర్తు. ఒకరోజు ఉన్నట్టుండి వెలిగింది, డిసెంబరులో బేస్‌బాల్ ఎవరూ ఆడరు! జ్ఞాపకం ఎంత మోసం చేస్తుందో చూడండి అని తన మీదే ఉదాహరణగా రాసుకున్నాడు.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ రోజు న్యూయార్క్‌లో నిజంగానే ఒక ఆట ప్రసారమైందని తర్వాత వేరేవాళ్లు తేల్చారు. అది ఫుట్‌బాల్. ఆడిన జట్లలో ఒకదాని పేరు బ్రూక్లిన్ డాడ్జర్స్. అదే పేరుతో అప్పట్లో ప్రసిద్ధమైన బేస్‌బాల్ జట్టు ఉంది. రేడియో నిజం, ఆట నిజం, వార్త నిజం. పేరు మాత్రం మనసులో పక్క అరలోకి జారింది.

మీ నాన్నగారి అమావాస్య అట్లాంటిదే అనిపిస్తోంది అక్కా. తుఫాను మబ్బు కమ్మేస్తే చంద్రుడు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. చీకటి నిజం. ఆ చీకటికి తర్వాతెప్పుడో మనసు ఒక కారణం అతికించుకుంది.

ఈయనే 1986లో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయిన మర్నాడు పొద్దున్నే విద్యార్థులతో 'నిన్న ఆ వార్త ఎక్కడ, ఎలా విన్నారు' అని రాయించి దాచాడు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగాడు. నాలుగో వంతు మంది చెప్పింది మొదట రాసినదానితో ఒక్క ముక్క కూడా కలవలేదు. నాకు మరీ వింతగా తోచేది ఇది: వాళ్ల దస్తూరీతోనే ఉన్న పాత కాగితం చూపించినా అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు. ఎంత గట్టిగా గుర్తుంది అన్నదానికీ ఎంత సరిగ్గా గుర్తుంది అన్నదానికీ పెద్ద సంబంధం కనిపించలేదు.

డాలస్ బాబాయ్ | సోమవారం, ఉదయం 8:15

అమావాస్య వదిలేశా గీతా. అది పొరపాటు, ఒప్పుకున్నా. కానీ బందరులో ఉన్న మనిషి తాటిచెట్టు మీద ఉన్నానని రాయడం తిథి తప్పడం లాంటిదేనా? రేడియోలో ఆట పేరు మారింది గానీ, ఆయన రేడియో దగ్గర ఉన్నాడు కదా.

వైజాగ్ గీత | సోమవారం, ఉదయం 8:40

మంచి ప్రశ్న. ఒకటేమీ కాదు. కానీ మీరు అనుకున్నంత దూరమూ కాదు. వేరేవాళ్లకి జరిగింది వందసార్లు విని, వందసార్లు మనమే చెప్పి, అది మనకే జరిగినట్టు గుర్తుండటం మామూలు విషయమే. కవల పిల్లల్లో ఇది బాగా కనిపిస్తుంది. సైకిల్ మీద నుంచి పడింది నువ్వా నేనా అని పెద్దయ్యాక కూడా కొట్టుకుంటారు.

బింజమిన్ విల్కోమిర్‌స్కీ అనే పేరుతో ఒకాయన నాజీ శిబిరాల్లో తన పసితనం గురించి 1995లో పుస్తకం రాశాడు, బహుమతులు వచ్చాయి. తర్వాత తేలిందేమిటంటే ఆయన స్విట్జర్లాండ్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. చిన్నప్పుడే తల్లికి దూరమై పెంపకానికి వెళ్లాడు. ఆ బాధ నిజమే, దానికి తొడిగిన చొక్కా ఇంకొకరిది. కావాలని చెప్పాడా, నిజంగా నమ్మాడా అన్నది ఈరోజుకీ తేలలేదు.

గోంగూర | సోమవారం, ఉదయం 9:05

ఆఫీసుకి లేటవుతోంది, మీరు ఆపట్లేదు.

నల్లగొండ మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 1:20

భోజనం చేసి వచ్చి అన్నీ చదివిన. తెలుగు పంతులుగా రిటైరైన వాణ్ణి. ఒక మాట కటువుగా అంటే ఏమనుకోకండి.

అందరూ రికార్డు, పాస్‌బుక్, పంచాంగం అంటున్నరు. బాగుంది. రికార్డు ఎవరి దగ్గర ఉంటది? 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ రైతాంగ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి 'మనకు తెలియని మన చరిత్ర' అని అచ్చు వేసిన్రు. పోరాటం ముగిసి అప్పటికి ముప్ఫై అయిదేండ్లు. ఆ తల్లులకు తారీఖులు సరిగ్గ గుర్తుండకపోవచ్చు. కానీ వాళ్ల మాట తీసేస్తే మిగిలేది ఏంది? పోలీసు కాగితాలు, నాయకుల పుస్తకాలు. అన్నం వండి పెట్టినామె, తుపాకీ మూట మోసినామె ఆ రెండింట్ల ఎక్కడుంటది?

కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసిన కొండపల్లి కోటేశ్వరమ్మగారి ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో వచ్చింది. అప్పటికి ఆమెకు తొంభై దాటినయి. ఆ పుస్తకంలో తేదీలు సరిచూసుకుంటూ చదివినవాళ్లను నేను చూడలేదు. తొంభై ఏండ్ల దాకా ఒక మనిషి ఏం మోసిందో చదువుతం.

గ్వాటెమాలా దేశపు ఆదివాసీ స్త్రీ రిగోబెర్తా మెంచూ సంగతి కూడా చూడండి. ఆమె చెప్పగా రాసిన పుస్తకం 1983లో వచ్చింది, 1992లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. డేవిడ్ స్టోల్ అనే పరిశోధకుడు ఆ ఊర్లకు పోయి విచారిస్తే కొన్ని సంగతులు ఆమె చెప్పినట్టు జరగలేదని తేలింది. ఆమె కళ్లతో చూసినట్టు చెప్పినవి కొన్ని ఆమె చూసినవి కావు. పుస్తకం అబద్ధమని గోల గోల. అదే 1999లో ఆ దేశపు నిజనిర్ధారణ కమిషన్ నివేదిక వచ్చింది. రెండు లక్షల మందికి పైగా చనిపోయిన్రు లేదా మాయమైన్రు. గుర్తు తెలిసిన బాధితుల్లో నూటికి 83 మంది మాయా ఆదివాసులు. ఆమె వివరంలో తప్పు ఉండొచ్చు. చెప్పిన సంగతి తప్పా?

బెజవాడ లాయర్ | సోమవారం, మధ్యాహ్నం 2:05

మాస్టారూ, ఇక్కడే నాకు అభ్యంతరం. 'పెద్ద నిజం కోసం చిన్న అబద్ధం' అని ఒకసారి తలుపు తీస్తే దాంట్లోంచి ఎవరైనా దూరతారు. రేపు నేను మీకు నచ్చని పక్షం తరఫున అదే మాట వాడితే ఒప్పుకుంటారా?

నల్లగొండ మాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 2:30

ఒప్పుకోను. అబద్ధం ఆడొచ్చని నేను అనలే. కాగితం ఉన్నవాడి మాట నిజం, లేనివాడి మాట కథ అనొద్దంటున్న. అంతే.

ఇంకోటి. మన ఈ కథలో కూడా కాగితం లేనివాడు ఉన్నడు. అందరూ నాన్నగారి గురించి, అత్తగారి గురించి మాట్లాడుతున్నరు. చెట్టెక్కించి పట్టుకున్నాయన గురించి ఎవరైనా అడిగిన్రా? అమ్మా, ఆయన ఏమైండు?

మోడరేటర్ | సోమవారం, మధ్యాహ్నం 3:00

ఇద్దరూ పెద్దవాళ్లే, కాబట్టి ఏమీ తొలగించడం లేదు. మధ్యలో ఎవరో పెట్టిన రాజకీయ పోస్టు మాత్రం తీసేశాను. విషయం మీదే ఉందాం.

కృష్ణాతీరం | సోమవారం, రాత్రి 10:15

మాస్టారు అడిగింది చదివి సాయంత్రం మళ్లీ అత్త దగ్గరికి వెళ్లాను. ఈసారి నేనేమీ చదివి వినిపించలేదు, ఊరికే కూర్చున్నాను. కాసేపటికి తనే మొదలుపెట్టింది.

"చెయ్యి పట్టుకోవడం ఏంటే, చెయ్యి పట్టుకుంటే నిలుస్తానా? తలగుడ్డ విప్పి నా నడుముకీ చెట్టుకీ కలిపి కట్టాడు. తడిసిన గుడ్డ, మూడు ముళ్లు. పొద్దున్న విప్పలేక కొడవలితో కోశారు." అని తన నడుము మీద ఎడం పక్క వేలితో గీసి చూపించింది. ఒరుసుకుపోయి పుండు పడితే చాలాకాలం మానలేదట.

తర్వాత చెప్పింది రాయడానికి రెండు గంటలు పట్టింది నాకు. ఆయన అత్తని కట్టేసి మళ్లీ పల్లె వైపు వెళ్లబోయాడట, తన ఇంటికి. వెళ్లలేకపోయాడు. ఆయన భార్య ఆ రోజు పోయింది. కొడుకొక్కడు మిగిలాడు, చుట్టాలింట్లో ఉండబట్టి. ఆయన ఇంకో పద్నాలుగేళ్లు మా ఇంట్లోనే పనిచేశాడు. నాకు ఆయన గుర్తున్నాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని ఏటిగట్టుకి తీసుకెళ్లేవాడు. ఇదంతా నాకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

అత్త బీరువాలోంచి ఒక ఇన్‌లాండ్ లెటర్ తీసింది. నాన్న రాసిందే, 1977 డిసెంబరులో, నెల్లూరులో ఉన్న వాళ్ల పెద్దమ్మకి. ఆవిడ పోయాక ఎలాగో మళ్లీ అత్త చేతికి వచ్చింది. సగం అక్షరాలు మడతల్లో చెదిరిపోయాయి. కనిపించినంత మేరకు ఉన్నదున్నట్టు కింద పెడుతున్నాను. పాలేరు పేరు ఒక్కటి నేను తీసేశాను. ఉత్తరంలో ఉంది.

"...మేము వచ్చేసరికి నీళ్లు తీశాయి. పాపను మన (పేరు) తాటిచెట్టుకు కట్టి తెల్లవార్లు పట్టుకొని ఉన్నాడట. నీళ్లు చెట్టు సగం దాకా వచ్చినవట. వాని భార్య దొరకలేదు. నేను ఆ రోజు ఉండవలసినది పెద్దమ్మా, ఉండలేదు..."

పాత పుస్తకాల పిచ్చి | సోమవారం, రాత్రి 10:22

అబ్బ.

నల్లగొండ మాస్టారు | సోమవారం, రాత్రి 10:58

అమ్మా, ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివిన.

"ఉన్నాడట. వచ్చినవట." ఆ 'ట' చూడండి. తెలుగులో మనకు ఇదొక సౌకర్యం. కళ్లారా చూస్తే 'వచ్చింది', ఒకరు చెప్తే 'వచ్చిందట'. ఒక్క అక్షరంతో ఈ మాట నాది కాదు, విన్నదని చెప్పేస్తం. లాయర్ గారి అరవయ్యో సెక్షన్ మొత్తం మన భాషలో ఒక్క అక్షరంలో ఉంది.

1977లో నాన్నగారు ఆ 'ట' ఎక్కడా మర్చిపోలేదు. నలభై ఏండ్లు ఎందరికో చెప్పుకుంటూ వచ్చిన్రు. రోజూ మాట్లాడేటప్పుడు కథలో 'అట, అట' అంటే వినేవాడికి పట్టు జారుతది, అందుకని జారవిడుస్తం. 'పట్టుకుని ఉన్నాడట' కాస్తా 'పట్టుకుని ఉన్నాడు' అయ్యింది. తర్వాతెప్పుడో 'ఉన్నాను' అయ్యింది. అక్షరం పోయింది, దాంతో మనిషి పోయిండు.

బెజవాడ లాయర్ | సోమవారం, రాత్రి 11:10

మాస్టారూ, ఇన్నేళ్లు జడ్జీల ముందు హియర్‌సే, హియర్‌సే (విన్నమాట) అని అరిచాను. ఇది ఎప్పుడూ తట్టలేదు. సాక్షులు బోనులో 'కొట్టాడటండీ' అంటే మేం చేసే మొదటి పని ఆ 'ట' పట్టుకోవడమే. ఆ పట్టుకోవడం లాయర్ పని అనుకున్నాను గానీ భాష పని అనుకోలేదు.

డాలస్ బాబాయ్ | మంగళవారం, ఉదయం 7:30

ఉత్తరం చదివాక నిన్నంత ధీమాగా మాట్లాడలేకపోతున్నా. కానీ ఒక్కటి మాత్రం వదలను. 'ట' తనంతట తాను జారిపోయింది అంటున్నారు. సరే. పాలేరు పేరు కూడా తనంతట తానే జారిపోయిందా? రెండు పుస్తకాల్లో ఎక్కడా రాలేదు అన్నారు కృష్ణాతీరం గారు. పద్నాలుగేళ్లు ఇంట్లో ఉన్న మనిషి. అది మతిమరుపని నేను ఒప్పుకోను.

వైజాగ్ గీత | మంగళవారం, ఉదయం 7:55

నేనూ ఒప్పుకోను బాబాయ్. జ్ఞాపకం మీద ఎన్ని అధ్యయనాలు చెప్పినా, ఎవరి పేరు పోతుంది ఎవరి పేరు ఉంటుంది అనేదానికి అవి చాలవు. ఆ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది వేరే వాక్యం. "నేను ఆ రోజు ఉండవలసినది." ఉండాల్సిన చోట లేకపోయిన మనిషి నలభై ఏళ్ల తర్వాత కాగితం మీద అక్కడికి వెళ్లాడు. వెళ్లడానికి ఖాళీ చోటు ఒక్కటే, ఆ చెట్టు దగ్గర. అక్కడ అప్పటికే ఒకాయన ఉన్నాడు.

ఇది ఆయన్ని వెనకేసుకురావడం కాదు.

కృష్ణాతీరం | మంగళవారం, ఉదయం 8:20

ఏటా నవంబరు 19న నాన్న అన్నం తినేవారు కాదు. చనిపోయినవాళ్ల కోసం అనుకునేదాన్ని.

మీరందరూ చెప్పింది బాగానే ఉంది. కానీ పుస్తకం మాట? డీటీపీ చేసే అబ్బాయి గురువారం ఫైనల్ కావాలంటున్నాడు. మా తమ్ముడు ఆ తొమ్మిది పేజీలు తీసెయ్యమంటున్నాడు. నాన్నని పదిమందిలో అబద్ధాలకోరుని చేస్తావా అని నా మీద అరిచాడు.

పాత పుస్తకాల పిచ్చి | మంగళవారం, ఉదయం 9:45

తీయొద్దు. దిద్దొద్దు కూడా. దిద్దితే అది మీరు రాసింది అవుతుంది, ఆయన రాసింది కాదు.

ఒక పద్ధతి చెప్తాను. మేరీ మెకార్థీ అనే అమెరికన్ రచయిత్రి తన చిన్నతనం గురించి ముందు విడివిడిగా పత్రికల్లో రాసింది. 1957లో పుస్తకం వేసేటప్పుడు వాటిని ముట్టుకోలేదు. ఒక్కో అధ్యాయం తర్వాత చిన్న ముక్క చేర్చింది: ఇక్కడ నేను కల్పించాను, ఇక్కడ మా తమ్ముడు ఒప్పుకోవడం లేదు, ఇది నిజంగా జరిగిందో లేదో నాకే తెలియదు. చిత్రం ఏమిటంటే అవి చదివాక ఆవిడ మీద నమ్మకం పెరుగుతుంది, తగ్గదు.

గాంధీగారి ఆత్మకథ కూడా నన్నడిగితే ఇందుకే నిలబడింది. 1925 నుంచి 1929 దాకా 'నవజీవన్'లో వారం వారం వచ్చింది. అందులో ఉన్న మనుషులు ఇంకా చాలామంది బతికే ఉన్నారు. తప్పైతే ఉత్తరం ముక్క రాసి పడేయొచ్చు. మీ నాన్నగారికి ఆ అవకాశం లేకపోయింది. మీరిప్పుడు అత్తగారికి ఇస్తున్నారు, అంతే.

నాన్నగారి తొమ్మిది పేజీలు ఎడమ వైపు, అత్తగారు చెప్పింది కుడి వైపు. మధ్యలో ఆ ఉత్తరం ఫొటో. మీ వ్యాఖ్యానం ఒక్క వాక్యం కూడా పెట్టకండి.

బెజవాడ లాయర్ | మంగళవారం, ఉదయం 10:30

పాలేరుగారి అబ్బాయిని అడగకుండా మాత్రం వేయకండి. చట్టం కోసం చెప్పడం లేదు.

గోంగూర | మంగళవారం, ఉదయం 10:34

లాయర్ గారు చట్టం కోసం కాదన్నారంటే సీరియస్సే.

డాలస్ బాబాయ్ | మంగళవారం, రాత్రి 8:10

ఎడమ కుడి ఐడియా బాగుంది. అచ్చు ఖర్చు పెరుగుతుంది, తేడా నేను పంపిస్తా. కాదనకండి. ఫ్రే పుస్తకానికి పెట్టిన డబ్బు ఇలా వసూలు చేసుకుంటా.

కృష్ణాతీరం | బుధవారం, రాత్రి 9:40

ఇవాళ అవనిగడ్డ వెళ్లొచ్చాను. ఆయన కొడుక్కి యాభై దాటాయి. నేను గుర్తుపట్టలేదు, తనే గుర్తుపట్టాడు. ఇంట్లోకి రమ్మని కుర్చీ వేసి, తను నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే మంచం పట్టీ మీద అంచున కూర్చున్నాడు.

ఉత్తరం చదివి వినిపించాను. చెట్టు సంగతి వాళ్ల నాన్న ఎప్పుడూ చెప్పలేదట. ఒక్కసారి కూడా. "మా అమ్మ గురించే అడిగేవాణ్ణండీ, ఆయన లేచి బయటికి వెళ్లిపోయేవాడు" అన్నాడు. ఇన్ని రోజుల నుంచి మనం ఎవరి మాట నిజం అని కొట్టుకుంటున్నాం. ఆయన అసలు మాటే మిగల్చలేదు.

పేరు వేయొచ్చా అని అడిగాను. కాసేపు ఆలోచించి, లోపలికి వెళ్లి పాత రేషన్ కార్డు తెచ్చాడు. అందులో పేరు తప్పు పడిందట, బతికినన్నాళ్లూ అదే తప్పుతో సరుకులు తెచ్చుకున్నాడట. సరైన పేరు ఒక కాగితం మీద రాసిచ్చాడు. "ఇట్టా వెయ్యండి. ఇంటిపేరుతో." రెండు కాపీలు కావాలన్నాడు, ఒకటి హైదరాబాదులో ఉన్న కూతురికి.

తమ్ముడు ఇంకా మాట్లాడటం లేదు.

రాత్రి అత్తకి కుడి పేజీ ప్రూఫ్ చదివి వినిపించాను ఫోన్‌లో. "మూడు ముళ్లు అన్నానా? ఏమోనే, రెండేమో. తడిగుడ్డ కదా, రెండే పడి ఉంటాయి" అంది. మార్చనా అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనెట్టా చూశాను, నా వెనకాల కదా కట్టింది. మూడు ముళ్లట అని రాయి" అంది.